పెద్దమ్మ రక్తంలో కొత్త కణాలు

మా అమ్మకు అక్క, నాకు పెద్దమ్మ. ఐరాల దగ్గర ఒక పల్లెలో ఆమె సంసారం. చెరకు, వేరుశనగ, ఇంట్లో పాడి ఆవులు. పెద్దనాయన మాట తక్కువ మనిషి కావడంతో ఇంటికీ పొలానికీ కావలసిన మాటలన్నీ పెద్దమ్మే మాట్లాడేది. బెల్లం వండే రోజుల్లో ఆమె గానుగ దగ్గర నిలబడి కేక వేస్తే, పక్క చేలో కలుపు తీసేవాళ్ళు కూడా ఒకసారి తలెత్తి చూసేవారు. అలాంటి మనిషి తన ఒంట్లో జరుగుతున్న దాని గురించి మాత్రం నెలల తరబడి నోరు విప్పలేదు.

నేను అప్పుడు తిరుపతిలో జంతుశాస్త్రం ఎమ్మెస్సీ చదువుతున్నాను. రెండువేల సంవత్సరం దాటిన తొలినాళ్ళు. సెలవు దొరికితే మా ఊరికి పోకుండా పెద్దమ్మ దగ్గరికే పోయేదాన్ని. ఒక శీతాకాలం పొద్దున, ఇంకా మంచు విడవకముందే, ఆమె పాలు పిండుతూ పిండుతూ మధ్యలో ఆగి గోడకు చేరగిలబడడం చూశాను. ముఖం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది.

"ఏమైంది పెద్దమ్మా?"

"ఏమీ లేదు అమ్మణ్ణీ. ఎండ."

ఎండ ఎక్కడిది? ఇద్దరి నోటి నుంచీ ఆవిర్లు వస్తున్నాయి. నేను చెంబు పక్కన పెట్టి ఆమె ఎదురుగా కూర్చున్నాను. ఆమె లేవమన్నా నేను లేవలేదు. చివరికి ఆమే గొంతు తగ్గించి చెప్పింది.

"ముట్టు నిలిచిపోయి ఏండ్లయింది గదా. మళ్ళా కనిపిస్తా ఉండాది. నడుం ఒకటే పోటు."

"ఎప్పటినించి?"

"శెనిగ్గాయ పీకేటప్పటినించి."

"వేరుశనగ పీకి మూడు నెలలైంది! ఎవరికీ చెప్పలేదా?"

"ఎవురికి సెప్పాల? మీ పెద్దనాయనకు సెప్తే కూడు మానేసి కూసుంటాడు. కోడలికి సెప్దామంటే సిగ్గు. దీనికి పేరేమని సెప్పాల నేను?"

మరుసటి రోజు ఆమెను బస్సెక్కించి తిరుపతి తీసుకొచ్చాను. పెద్దనాయన కూడా వచ్చాడు. దారంతా ఆయన ముందు సీటు కడ్డీని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు.

ఆసుపత్రిలో పరీక్షలు చేసి, చిన్న ముక్క తీసి పంపారు. ఫలితం చెప్పిన డాక్టరమ్మకు యాభై ఏళ్ళు ఉంటాయేమో. నూలు చీర, మందపాటి కళ్ళజోడు, తొందరపడని మాట. ఆమె నోరు తెరవబోతుండగా పెద్దనాయన లేచి, "అమ్మా, నువ్వు నాకు బయట సెప్పు. ఆమెకు వద్దు" అన్నాడు. నాకు తెలిసి ఆయన ఒక పరాయి ఆడమనిషితో మాట్లాడడం అదే మొదలు.

పెద్దమ్మ ఆయన పంచె కొంగు పట్టుకుని కూర్చోబెట్టింది.

"రోగం నాకు. బయటికి పోయి ఈయనకు సెప్తే మందు ఈయన తాగుతాడా? నాకే సెప్పమ్మా."

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది. "గర్భసంచి మూతి దగ్గర క్యాన్సర్ అమ్మా. జబ్బు రాకముందే కనిపెట్టే పరీక్ష ఒకటి ఉంది, అది చేయించుకుని ఉంటే చిన్నగా పోయేది. ఇప్పుడు ఆపరేషన్ చేసే దశ దాటింది. కానీ రేడియేషన్‌కు బాగా లొంగే జబ్బు ఇది. వారానికొకసారి సెలైన్‌లో మందు కూడా ఎక్కిస్తాం. మధ్యలో మానకుండా పూర్తి చేస్తే నయమయ్యే అవకాశం బాగా ఉంది."

"మానితే?"

"మానితే నేను చేయగలిగింది తక్కువ."

"అట్లయితే మాననులే" అంది పెద్దమ్మ, పాలకేంద్రం వాళ్ళతో మాట్లాడినంత మామూలుగా.

ఆమె నా గదిలోనే ఉండేటట్టు ఏర్పాటు చేసుకున్నాం. పొద్దున ఆసుపత్రికి తీసుకుపోయి, తర్వాత నేను కాలేజీకి పోయేదాన్ని. పెద్దనాయన ఆవుల కోసం ఊళ్ళో ఉండి, ఆదివారం ఆదివారం రాగిపిండీ కోడిగుడ్లూ మూటగట్టుకుని వచ్చేవాడు.

చికిత్స మొదలైన వారానికే మా అన్న, అంటే పెద్దమ్మ కొడుకు, ఒక పేపరు ముక్క జేబులో పెట్టుకుని వచ్చాడు. చిత్తూరులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. తల్లి అంటే ప్రాణం. ఆ ముక్కలో ఎక్కడో నగరంలోని ఒక క్లినిక్ ప్రకటన ఉంది. మూలకణాలతో వైద్యమట. రోగి ఒంట్లోంచే ఆ కణాలు తీసి, మళ్ళీ రోగికే ఎక్కిస్తారట. కోత లేదు, రేడియేషన్ లేదు, ఏ క్యాన్సరైనా పోతుందని రాసి ఉంది.

"సూడు చెల్లీ, నువ్వు సదివేది ఇదే గదా? ఆ కరెంటు పెట్టి అమ్మను కాల్చేదెందుకు? ఆడికే తీసుకపోదాం" అన్నాడు.

నాకు ఒక్కసారిగా ఆశ లేచింది. మూలకణాల గురించి మా క్లాసులో అప్పుడప్పుడే చెబుతున్నారు. పిండంలోనే కాదు, ఎదిగిన మనిషి ఒంట్లో కూడా ఇలాంటి కణాలుంటాయనీ, ఇవి తమలాంటి కణాలనూ, వేరే పని చేసే కణాలనూ పుట్టించగలవనీ విన్న రోజు నేను పక్క గది స్నేహితురాళ్ళకు నిద్రపట్టనివ్వకుండా చెప్పిన మాట నిజమే. కానీ క్లాసులో విన్నదానికీ పేపరు ముక్కలో ఉన్నదానికీ మధ్య ఎంత దూరముందో నాకు తెలియలేదు. అన్నను వెంటబెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి పోయాను.

ఆమె పేపరు ముక్కను పూర్తిగా చదివింది. కసురుకుంటుందేమోనని భయపడ్డాను. కుర్చీలు చూపించి కూర్చోమంది.

"మూలకణాలంటే అబద్ధం కాదు. పెద్దవాళ్ళ ఒంట్లోనూ ఉంటాయి. ఎముకల్లోని మూలుగలో ఉండేవి రోజూ కొత్త రక్తాన్ని తయారుచేస్తాయి. కొన్ని రకాల రక్త క్యాన్సర్లకు మూలుగ మార్పిడి చేస్తున్నారు. అది నిజమైన వైద్యమే. కానీ గర్భసంచి మూతికొచ్చే క్యాన్సర్ వాటితో నయమైందని ఇవాళ్టివరకు ఎవరూ నిరూపించలేదు."

"ప్రయోగాలు చేస్తున్నారు కదా మేడమ్?" అన్నాను.

"చెయ్యాలి కూడా. ఆ కణాల చేత మందును నేరుగా గడ్డ దగ్గరికి మోయించొచ్చా అని ఆలోచిస్తున్నవాళ్ళున్నారు. రేడియేషన్‌కు దెబ్బతిన్న పేగునూ మూత్రాశయాన్నీ అవి బాగుచేస్తాయా అని చూస్తున్నవాళ్ళున్నారు. గడ్డను మళ్ళీ మళ్ళీ మొలిపించేవి కూడా ఒకరకం మూలకణాల్లాంటివేనేమో అని అనుమానించేవాళ్ళూ ఉన్నారు. అంటే, సరిగ్గా తెలియకుండా ఎక్కిస్తే మేలవుతుందో కీడవుతుందో చెప్పలేం. నువ్వు చదువుకుని అది తేల్చు, సంతోషిస్తాను. తేలేదాకా మీ పెద్దమ్మ మీద నేను చెయ్యను, ఎవరినీ చెయ్యనివ్వొద్దని చెబుతాను."

అన్న తల దించుకున్నాడు. ఆమె అతని వైపు తిరిగి, "నువ్వు ఇది తెచ్చి నాకు చూపించడం మంచి పని. చూపించకుండా తీసుకుపోయేవాళ్ళే ఎక్కువ" అంది. ఆ మాటతో అన్న ముఖం తేటపడింది. చదువుకున్న గర్వం ఒక్క చుక్క కూడా మా మీద పడకుండా మాట్లాడిన ఆ డాక్టరమ్మ మీద నాకు ఆ రోజే గౌరవం పుట్టింది.

గదికి వచ్చాక పెద్దమ్మ అంతా విన్నది. రాగి సంగటి ముద్ద చేస్తూ ఒకే ఒక మాట అడిగింది.

"ఆ పేపర్లో వేసినాయన నా కడుపు సూసినాడా?"

"లేదు."

"ఈయమ్మ సూసింది. ఈయమ్మ మాటే నా మాట."

రేడియేషన్ హాలు బయట బెంచీల మీద ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఉండేవారు. పొత్తికడుపు మీద రంగుతో గుర్తులు వేసి ఉంటాయి కాబట్టి అవి చెరిగిపోకుండా జాగ్రత్తగా నీళ్ళు పోసుకోవాలి. ఆ గుర్తుల గురించి కూడా ఎవరూ ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. ఒకరి జబ్బు ఒకరికి తెలుసు, అయినా అందరూ గోడ వైపు చూసేవారు. మొదటి వారం పెద్దమ్మ కూడా అట్లాగే కూర్చుంది. రెండో వారం నుంచి ఆమె గొంతు ఆమెకు తిరిగొచ్చింది. "మీకు గూడా మంటగా ఉండాదా అమ్మా? నాకు మిరపకాయ పూసినట్టుండాది" అని ఒకామెను అడిగింది. ఆమె నవ్వింది. పక్కామె కూడా నవ్వింది. ఆ తర్వాత ఆ బెంచీల మీద మాటలు ఆగలేదు.

అందులో ఒకామె పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న జాలరి పల్లె నుంచి వచ్చింది. రొయ్యలు ఎండబెట్టి సంతలో అమ్ముకునే మనిషి. వయసు పెద్దమ్మకంటే చాలా తక్కువ. భర్త తెచ్చి వదిలి, వేటకు పోవాలని వెళ్ళిపోయాడు. ఒక రోజు మేము పోయేసరికి ఆమె సంచి సర్దుకుని మెట్ల దగ్గర నిలబడి ఉంది.

"యాడికి?" అంది పెద్దమ్మ.

"ఊరికి పోతానక్కా. నొప్పి తగ్గిపోయింది. రక్తం గూడా కనబడలేదు. ఇంక ఎందుకు?"

"నాకూ తగ్గింది. నేను పోతాండానా?"

"నీకు సూసేవాళ్ళుండారు. నా బిడ్డలు ఒంటిగా ఉండారక్కా."

పెద్దమ్మ ఆమె సంచిని లాక్కోలేదు. మెట్టు మీద కూర్చుని, ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది.

"సూడు తల్లీ. వల సగం లాగి వదిలిపెడితే ఏమవుతాదో నాకంటే నీకు బాగా తెలుసు. నీ బిడ్డలకు అమ్మ కావాల్నంటే ఈ మిగిలిన దినాలు ఈడ ఉండు. నీకు కూడు నేను తెస్తా. నీ మొగుడికి మా పాప ఫోన్ చేస్తాది."

ఆమె చాలాసేపు ఏడ్చింది. తర్వాత సంచి పట్టుకుని తిరిగి లోపలికి వచ్చింది. ఆ రోజు నుంచి నా గదిలో సంగటి ముగ్గురికి వండేవాళ్ళం. వాళ్ళ పల్లెలో టీకొట్టు ఫోన్‌కు ఎన్నిసార్లు చేశానో. చివరికి భర్త పిల్లల్ని వాళ్ళ అమ్మమ్మ దగ్గర వదిలి వచ్చాడు.

సగం చికిత్స దాటాక పెద్దమ్మ రక్తపరీక్షలో తెల్లకణాలు బాగా తగ్గాయని తేలింది. డాక్టరమ్మ మందూ రేడియేషన్ రెండూ కొన్ని రోజులు ఆపమంది. నయమవుతుందని అంత నమ్మకంగా ఉన్న పెద్దమ్మ ఆ మాటకు మొదటిసారి భయపడింది.

"మానొద్దని నువ్వే సెప్పి, నువ్వే ఆపితే ఎట్లమ్మా?"

"మానడం లేదు, కాస్త ఊపిరి తీసుకోనిస్తున్నాం. మేము రేడియేషన్ పెట్టే చోటే నడుము ఎముకలున్నాయి. వాటి మూలుగలో రక్తం పుట్టించే కణాలు దెబ్బతిన్నాయి. కానీ రొమ్ము ఎముకలో, పక్కటెముకల్లో, వెన్నులో ఇంకా ఉన్నాయి. అవి పని అందుకుంటాయి. రెండుసార్లు మళ్ళీ పరీక్ష చేసి చూద్దాం."

"మూలుగ అంటే పొట్టేలు ఎముకలో జుర్రుకుంటామే, అదేనా?"

"అదే."

"దాంట్లోనా నెత్తురు పుట్టేది!" పెద్దమ్మ తన రొమ్ము మీద చెయ్యి పెట్టుకుంది. "అట్లయితే మావాడు తెచ్చిన పేపర్లో సెప్పిన కణాలు నాకూ ఉండాయన్నమాట."

"ఉన్నాయి. ఎవరూ ఎక్కించక్కర్లేదు. అవే ఇప్పుడు మీకోసం పనిచేస్తున్నాయి" అంది డాక్టరమ్మ.

నా చదువు తెలుసు కాబట్టి ఆమె ల్యాబుకు చీటీ రాసిచ్చింది. ఆ రోజు నేను సూక్ష్మదర్శినిలో చూసినప్పుడు గాజు పలక అంతా లేత గులాబీ రంగు ఎర్రకణాలే. ఊదారంగు కేంద్రకమున్న తెల్లకణం ఒక్కటి దొరకడానికి పలకను చాలాసేపు జరపవలసి వచ్చింది. క్లాసులో ఇలాంటి పలకలు ఎన్నో చూశాను. కానీ ఇది పెద్దమ్మ నెత్తురు.

ఆ కొద్ది రోజులు ఆమె గది దాటలేదు. గుంపులోకి పోవద్దని, కాచిన నీళ్ళే తాగమని చెప్పారు. పప్పూ గుడ్లూ సంగటీ, ఇష్టమున్నా లేకున్నా తినేది. "తిండితో కణాలు పుట్టవు పెద్దమ్మా, కానీ వాటికి కావలసిన సరుకు తిండి నుంచే రావాలి" అంటే, "కూలోళ్ళకు కూడు పెట్టకుండా పని సెయ్యమంటే సేస్తారా?" అని ఇంకో ముద్ద పెట్టుకునేది.

మళ్ళీ పరీక్షకు పోయిన పొద్దున ల్యాబు డాక్టరు నవ్వుతూ పలక తెచ్చి పెట్టాడు. నేను వంగి చూశాను. ఒకే చూపులో ఇక్కడొకటి, అక్కడొకటి ఊదారంగు కణాలు. వాటిలో కొన్ని పూర్తిగా ఎదగనివి కూడా ఉన్నాయి. మూలుగ తొందరపడి బయటికి పంపిన లేతవి. పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా కలగని ఆశ్చర్యం అప్పుడు కలిగింది. వారం రోజుల కిందట ఇవి లేవు. ఎవరూ మందు పొయ్యలేదు, మంత్రం వెయ్యలేదు. ఆ ముసలి ఎముకల లోపల ఎక్కడో కొన్ని కణాలు దెబ్బను ఓర్చుకుని, చీలి, చీలి, వీటిని పుట్టించాయి.

"నన్ను గూడా సూడనీ" అంది పెద్దమ్మ.

మొదట ఆమెకు తన రెప్ప వెంట్రుకలే కనిపించాయి. కన్ను ఎక్కడ పెట్టాలో, రెండో కన్ను ఎట్లా మూసుకోవాలో చెప్పాను. కాసేపటికి ఆమె కదలకుండా నిలిచిపోయింది.

"ఆ ఊదావి?"

"కొత్తవి పెద్దమ్మా. నీకు ఈ వారంలో పుట్టినవి."

ఆమె కన్ను తీయకుండానే అంది: "సెరుకు నరికినాక మోడు సచ్చిపోయిందనుకుంటామా, నీళ్ళు కడితే మళ్ళా పిలకలేస్తాదే, అట్లుండాది." తర్వాత తలెత్తి, ఆ ల్యాబు డాక్టరుకు చేతులెత్తి నమస్కారం పెట్టింది. ఆయన గాభరాపడి లేచి నిలబడ్డాడు.

మిగిలిన రేడియేషన్ పూర్తయింది. తర్వాత గర్భసంచి లోపలినుంచి ఇచ్చే రేడియేషన్ కూడా ఓర్చుకుంది. అది కష్టమైంది. దాని గురించి ఆమె ఎవరితోనూ తగ్గించి చెప్పలేదు, పెంచి చెప్పలేదు. "నొప్పే. పురుడంత నొప్పి కాదు" అనేది. వేసవి ముగిసేలోపు ఆమె ఊరికి తిరిగి పోయింది. మొదట మూడు నెలలకొకసారి, తర్వాత ఆరు నెలలకొకసారి చూపించుకోవడానికి వచ్చేది. ప్రతిసారీ డాక్టరమ్మ "ఏమీ లేదు" అనేది. పెద్దమ్మ ప్రతిసారీ "నీకు పుణ్యముంటాది" అనేది.

పులికాట్ ఆమె కూడా చికిత్స పూర్తిచేసింది. కానీ ఆమె వచ్చేటప్పటికే జబ్బు బాగా ముదిరి ఉంది. ఏడాదిన్నర బాగానే తిరిగింది. ఒకసారి మాకోసం ఎండురొయ్యలు తెచ్చింది కూడా. తర్వాత ఆమె భర్త టీకొట్టు నుంచి నాకు ఫోన్ చేశాడు. ఆమె పోయిందని చెప్పి, "సివరిదాకా మీ పెద్దమ్మనే తలుచుకునింది" అన్నాడు.

నేను ఊరికి పోయి చెప్పాను. పెద్దమ్మ కొట్టం దగ్గర గడ్డి వేస్తూ ఉంది. గడ్డి వదిలేసి కింద కూర్చుంది. "ఆ బిడ్డకు నాకంటే ముందే ఎవురన్నా సెప్పుంటే?" అంది. మళ్ళీ, "నాకైనా ఎవురు సెప్పినారు? నువ్వు సూసినావు గాబట్టి" అంది.

తర్వాతిసారి ఆసుపత్రికి పోయినప్పుడు ఆమె తన పరీక్ష కాగానే లేవలేదు. "అమ్మా, జబ్బు రాకముందే తెలుసుకునే పరీక్ష ఉండాదని అప్పుడు సెప్పినావే, అది మా పల్లెలో సేస్తావా?" అని అడిగింది.

డాక్టరమ్మ కుర్చీ ఆమె వైపు జరుపుకుంది. "చేస్తాం. పుల్లటి వెనిగర్ నీళ్ళు తుడిచి చూసే పరీక్ష, పెద్ద యంత్రాలు అక్కర్లేదు. కానీ మేమొస్తే ఆడవాళ్ళు రారమ్మా. ఎన్ని ఊళ్ళలో ఖాళీ బల్ల ముందు కూర్చుని తిరిగొచ్చామో."

"వాళ్ళను తెచ్చే పని నాది."

మా వైపు ఆడవాళ్ళందరూ రెండు పూటలా కలిసే చోటు పాలకేంద్రం. క్యాను దగ్గర వరసలో నిలబడినప్పుడు పెద్దమ్మ మొదలుపెట్టింది. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను. ఆమె పాల చెంబు కింద పెట్టి, గానుగ దగ్గర వేసే గొంతుతోనే అంది.

"వినండే అందరూ. నాకు వచ్చింది కడుపునొప్పి కాదు, గర్భసంచి క్యాన్సరు. ముట్టు నిలిచినాక నెత్తురు కనబడితే దాచుకుంటిని. దాచుకోబట్టే ముదిరింది. బతికినా గాబట్టి సెప్తాండా. ఆదివారం బడికాడికి డాక్టరమ్మ వస్తాది. ముప్పై దాటిన ప్రతి ఆడదీ రావాల."

పాలు కొలిచే అబ్బాయి చేతిలో కొలత ఆగిపోయింది. ఒక ముసలామె కొంగు నోటికడ్డం పెట్టుకుని, "మొగోళ్ళుండే తావున ఏం మాటలే ఇవి!" అంది.

"మొగోళ్ళు గూడా వినాల అత్తా. పెండ్లాం సస్తే ఏడ్చేది వాళ్ళే గదా."

అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది పెద్దనాయన. భార్య ఆ మాటలు పదిమందిలో అంటుంటే ఆయన సిగ్గుపడి తప్పుకుంటాడనుకున్నాను. ఆయన రచ్చబండ మీద కూర్చున్న మగవాళ్ళ దగ్గరికి పోయి, "మా ఇంటామె బతికింది అబ్బా. మీ ఇండ్లోళ్ళను పంపించండి" అన్నాడు. అంతే. ఆయన ఇంకో మాట అనలేదు. కానీ మాట తక్కువ మనిషి నోట వచ్చిన మాట కాబట్టి విన్నారు.

ఆదివారం బడి గదిలో తెర కట్టారు. మొదట ఎవరూ లోపలికి రాలేదు. గోడ పక్కన నిలబడి ఒకరినొకరు చూసుకున్నారు. అప్పుడు మా వదిన, పెద్దమ్మ కోడలు, కొంగు బిగించి, "నేను పోతా అత్తా" అని లోపలికి పోయింది. బయటికి నవ్వుతూ వచ్చింది. ఆ తర్వాత ఒక్కొక్కరే కదిలారు. పాలకేంద్రంలో కోప్పడిన ముసలామె తన కోడలిని చెయ్యి పట్టుకుని తెచ్చింది.

ఆ కోడలికే గర్భసంచి మూతి మీద అనుమానపు మచ్చ కనిపించింది. క్యాన్సర్ కాదు, కానీ వదిలేస్తే ఏండ్ల తర్వాత కావచ్చు. తిరుపతికి తీసుకుపోతే చల్లటి వాయువుతో మచ్చను గడ్డకట్టించి తీసేశారు. సాయంత్రం బస్సుకు ఇంటికొచ్చేసింది. మర్నాడు పొద్దున పాలు పొయ్యడానికి వచ్చింది. కోత లేదు, నెలల వైద్యం లేదు. తాను పడిందంతా ఆ పిల్ల పడనక్కర్లేదని తెలిసినప్పుడు పెద్దమ్మ ఏడ్చింది. తన జబ్బుకు ఆమె ఏడవగా నేను చూడలేదు.

నేను చదువు ముగించి చిత్తూరులో ఒక కాలేజీలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టాను. మూలకణాల పాఠం వచ్చినప్పుడు పిల్లలు తప్పకుండా అడుగుతారు, వాటితో క్యాన్సర్ నయమవుతుందా అని. ఏది నిరూపణ అయిందో, ఏది ఇంకా వెతుకుతున్నారో విడదీసి చెబుతాను. డాక్టరమ్మ మాకు చెప్పినంత ఓపికగా చెప్పాలని ప్రయత్నిస్తాను. తర్వాత పెద్దమ్మ గాజు పలక సంగతి చెబుతాను. ఆ భాగం దగ్గర వెనక బెంచీ పిల్లలు కూడా ముందుకు వంగి వింటారు.

బడిలో ఆ మొదటి శిబిరం జరిగిన మరుసటి ఏడు మళ్ళీ పెట్టినప్పుడు నేను సాయానికి పోయాను. పక్క పల్లెల నుంచి కూడా ట్రాక్టర్లలో వచ్చారు. బడి ఆవరణ నిండిపోయింది. డాక్టరమ్మ తెర పక్కన నిలబడి, కళ్ళజోడు పైకి తోసుకుని ఆ గుంపును చూస్తూ ఉండిపోయింది. గుమ్మం దగ్గర పెద్దమ్మ ఒక చేత్తో తలుపు పట్టుకుని, రెండో చేత్తో వరసను సర్దుతూ అరుస్తోంది.

"తోసుకోవద్దండే! ఆ బిడ్డనెత్తుకునుండే పాపకు కుర్చీ ఇయ్యండి. డాక్టరమ్మ యాడికీ పోదు, అందర్నీ సూసే పోతాది!"